గడప దగ్గర ఉక్కప్ప

ఉత్తరం వచ్చేసరికి నా పెట్టె సర్దడం అయిపోయింది. మదనపల్లెలో మా అత్తగారింటి వసారాలో మా నాన్న కృష్ణప్ప చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, కుప్పం బస్సుకు వేళయిందా అని మాటిమాటికీ గోడ గడియారం చూస్తున్నాడు. అప్పుడు మా ఆయన ధనుంజయ సైకిలుకు స్టాండు కూడా వేయకుండా గోడకు ఆనించేసి లోపలికి పరుగెత్తుకొచ్చాడు. చెవి మీద బ్రష్షు అట్లాగే ఉంది. చెంప మీద నీలం రంగు.

"వచ్చింది యమునా!" అన్నాడు. కవరు నా చేతిలో పెట్టాడు.

విజయవాడ నుంచి వచ్చే వారపత్రిక కవరది. ఎడిటరు తన చేతివ్రాతతోనే రాశాడు. నేను పైకి చదివాను.

"మీ ఉక్కప్ప బొమ్మలు చూశాను. మనిషి నచ్చాడు. ఎగిరేటప్పుడు చెప్పులు చేత్తో పట్టుకోవడం మరీ నచ్చింది. వినాయక చవితి నుంచి వారానికి ఒక పేజీ ఇవ్వగలను. మొదటి ఆరు పేజీలు ఒక కథగా ముగియాలి. జూలై ఇరవై లోగా నాకు అందాలి. ఒక్క మాట. మీ ఉక్కప్ప ప్రతిసారీ గెలుస్తున్నాడు. గెలిచేవాడికి చప్పట్లు కొడతారు గానీ, నవ్వరు. నవ్వు రాకపోతే ఆ పేజీ వేరొకరికి ఇవ్వవలసి వస్తుంది."

ఆ చివరి వాక్యం నేను కొంచెం మెల్లగా చదివాను. అయినా సంతోషం ఆగలేదు. నాన్న ఎదురుగా ఉన్నాడని కూడా చూడకుండా మా ఆయన చెంప మీది నీలం రంగు నా కొంగుతో తుడిచేశాను. రంగు పోలేదు. కొంగుకు అంటింది. ఆ మరక ఇప్పటికీ ఆ చీర మీద ఉంది, ఉతికినా పోకూడదనే నా కోరిక.

ఉక్కప్ప పుట్టి అప్పటికి నెల రోజులు. పెళ్ళయిన వారానికి మేము నిమ్మనపల్లెలో చుట్టాలింటికి భోజనానికి పోయి బస్సులో తిరిగొస్తుంటే, దోవలో టమోటా లారీ ఒకటి బురదలో దిగబడి ఉంది. రెండు వైపులా బండ్లు ఆగిపోయాయి. "ఇప్పుడొకాయన పంచె ఎగ్గట్టుకుని ఎగురుకుంటా వచ్చి, చిటికెన వేలితో లారీ ఎత్తేస్తే ఎట్లుంటుందండీ?" అన్నాను. ఆయన బస్సు టికెట్టు వెనకాల అప్పుడే గీశాడు. పొట్టి మనిషి, బుర్రమీసాలు, మెడకు ముడేసిన తుండుగుడ్డ గాలికి ఎగురుతూ వీపు వెనకాల. "చెప్పులు జారిపోవా?" అని నేనడిగితే, చెప్పులు తీసి చేతికిచ్చాడు. ఒళ్ళంతా ఉక్కు కాబట్టి ఉక్కప్ప అని పేరు పెట్టాము. అప్పటి నుంచి ఆలోచన నాది, గీత ఆయనది. బి.ఏ. చదివి ఏం చేస్తున్నావని ఎవరైనా అడిగితే ఉక్కప్పకు పనులు వెతుకుతున్నానని చెప్పాలనిపించేది.

ఆయనకు బోర్డులు రాసే అంగడి ఉంది. ఎరువుల అంగడి, కంటి డాక్టరు, టైలరు, ఎవరడిగితే వాళ్ళ పేరు అందంగా రాసిస్తాడు. తన పేరు అచ్చులో చూసుకోవడానికి మాత్రం ఏడేళ్ళుగా కార్టూన్లు పంపుతున్నాడు, తిరుగు కవరు జతచేసి. అచ్చయినవి పదకొండు. తిరిగొచ్చినవి పెద్ద బిస్కెట్టు డబ్బా నిండా ఉన్నాయి. పెళ్ళయిన కొత్తలో ఆ డబ్బా నాకు చూపించడానికి ఆయన పడిన సిగ్గు చూసే నాకు ఆయన మీద ఇష్టం రెట్టింపయింది.

"ఈ ఆరూ కుదరకపోతే ఇంక పంపను యమునా. డబ్బా మూసేస్తా" అన్నాడు ఆయన, నాకొక్కదానికే వినపడేట్టు. తమాషాకి అనలేదు.

చిక్కేమిటంటే, ఆషాఢం రెండు రోజుల్లో పడుతోంది. కొత్త కోడలు ఆ నెలంతా పుట్టింట్లో ఉండాలి. అత్తా కోడలూ ఒకే గడప దాటకూడదు, అల్లుడు అత్తగారింటి గడప తొక్కకూడదు, అత్త అల్లుడి మొహం చూడకూడదు. జూలై ఇరవై సరిగ్గా ఆషాఢం లోపలే పడింది.

"మా, ఈ ఒక్క నెలకు యమునని ఈడే ఉండనీ" అన్నాడు ఆయన వాళ్ళమ్మతో.

మా అత్తమ్మ శాంతమ్మ నవ్వింది. "ఉండనిస్తాలే. నేను యాడికి పోవాల? గడప దాటకుండా నెల దినాలు వంటింట్లోనే కూర్చోనా?"

"బొమ్మలుండాయి మా!"

"బొమ్మలకు ఆషాఢం లేదు గదా. నువ్వు గియ్యి. ఆయమ్మి ఆడ ఆలోచన చేస్తాది. ఉత్తరాలు లేవా, ఫోన్లు లేవా?"

నాన్న గొంతు సవరించుకున్నాడు. "అమ్మా శాంతమ్మా, పుంగనూరు బస్టాండు ఎవురి ఇల్లూ కాదు గదా?"

అంగడి నడిపే మనిషి కాబట్టి నాన్నకు అటూ ఇటూ నొప్పించకుండా బేరం తెంచడం తెలుసు. ఆదివారాలు పుంగనూరు బస్టాండులో కలుసుకోవచ్చని అక్కడికక్కడే తీర్మానమైంది. మదనపల్లెకూ కుప్పానికీ మధ్యలో పుంగనూరు ఉన్నమాట నిజమే. ఆయనకు గంట ప్రయాణం, నాకు మూడు గంటలు. అదేం మధ్య అని నేను అడగలేదు. మూడు గంటలు బస్సులో కూర్చుని ఒకరికోసం పోవడంలో ఎంత సంతోషముందో అప్పుడే కొత్తగా తెలుసుకుంటున్నాను.

మొదటి ఆదివారం ఆయన నాకంటే ముందే వచ్చి సిమెంటు బెంచీ మీద తుండు పరిచి చోటు పట్టాడు. చెనిక్కాయల పొట్లం, పెన్సిళ్ళు, అట్ట. నేను వారమంతా క్యాలెండరు కాగితాల వెనక రాసిన ఆలోచనలు చదివాను. ఉక్కప్ప దొంగల్ని పట్టడం, ఉక్కప్ప బైరెడ్డిపల్లెకు వాన మోడాల్ని తోలుకురావడం, ఉక్కప్ప ఎద్దుతో పందెం కాయడం. ఆయన చకచకా గీశాడు. గీశాక తన పద్ధతి ప్రకారం మాటలున్న చోటల్లా అరచేత్తో మూసేసి నాకు చూపించాడు.

"మాటలు మూసినా నవ్వు రావాల. వస్తాందా?"

రాలేదు. గీత బాగుంది. ఎద్దు మరీ బాగుంది. నవ్వు మాత్రం లేదు. అబద్ధం చెప్పాలనిపించింది గానీ, ఆయన నా కళ్ళే చూస్తున్నాడు.

"ఎద్దు బాగుందండీ" అన్నాను.

"ఎద్దుకు పేజీ ఇస్తామని రాయలేదే వాళ్ళు."

రెండో ఆదివారం ఇంకా అన్యాయం. ఉక్కప్పకు పెద్ద ముక్కు పెట్టి చూశాం, అరటితొక్క మీద జారేసి చూశాం. తొక్క మీద జారితే ఎవరైనా జారినట్టే ఉంది, ఉక్కప్ప జారినట్టు లేదు. ఆయన పెన్సిలు చెక్కుతూ చెక్కుతూ దాదాపు మొత్తం చెక్కేశాడు. పోయే ముందు, "నవ్వించాలని కూర్చుంటే ఏడుపొస్తాంది యమునా" అన్నాడు. నేను కిటికీ పక్క సీట్లో కూర్చున్నాను. బస్సు కదిలేదాకా ఆయన కింద నిలబడి మూడు వేళ్ళ పొడుగు మిగిలిన పెన్సిలుతో నాకు టాటా చెప్పాడు.

పలమనేరు, వెంకటగిరికోట దాటేదాకా అదే ఆలోచన. మాకు నవ్వు ఎప్పుడొస్తుంది? పెళ్ళిలో మా ఆయన నా మెడలో దండ వెయ్యబోయి పురోహితుడి మెడలో వేసినప్పుడు నవ్వాను. ఆయన చేతకాని మనిషి కాదు, బోర్డు మీద అక్షరం వెంట్రుకవాసి పక్కకు పోనివ్వడు. అంత చేతనైన మనిషికి నన్ను చూసి చెయ్యి తడబడింది కాబట్టే నవ్వొచ్చింది. మరి లారీ ఎత్తే ఉక్కప్పకు ఎక్కడ తడబాటు? అదెక్కడో నాకు తట్టలేదు. బస్సు దిగేసరికి తలనొప్పి మాత్రం వచ్చింది.

గురువారం మధ్యాహ్నం కుప్పంలో సన్నగా వాన. అమ్మ పొయ్యి దగ్గర దోసెలు పోస్తోంది. నాన్న అంగడికి పోయాడు. నేను ముందు గదిలో బియ్యం ఏరుతుంటే, వీధిలోంచి ఎవరో పరుగెత్తుకొస్తున్న చప్పుడయింది.

ఆయనే. పొద్దున బోర్డు రాస్తుంటే ఏదో తట్టిందట. అది నాకు చెప్పాలని ఉన్నపళంగా బస్సెక్కేశాడు. ఆదివారం దాకా ఎందుకు ఆగాల్సి వస్తోందో, అసలు మేమెందుకు విడివిడిగా ఉన్నామో మొత్తం మరిచిపోయాడు. వానకు తుండు మెడకు చుట్టుకున్నాడు. వీధంతా బురదని చెప్పులు తీసి చేత్తో పట్టుకున్నాడు. "యమునా, దొరికింది!" అంటూ ఒక కాలు గడప మీదుగా లోపలికి వేశాడు.

"ఆగప్పా!"

వంటింటి గుమ్మంలోంచి మా అమ్మ గౌరమ్మ కేక అది. వీధి చివరికి వినపడి ఉంటుంది. ఆయన కొయ్యబారిపోయాడు. ఒక కాలు వీధిలో, ఇంకో కాలు గడపకు ఇవతల గాల్లో.

అమ్మ కొంగు మొహం మీదికి లాక్కుని గోడ వైపు తిరిగింది. "నేల మింద పెట్టేసినావా అప్పా?"

"లేదత్తా. గాల్లోనే ఉండాది."

"నిజంగానా?"

"నిజం అత్తా. నీ కూతుర్ని అడుగు."

"అయితే ఎనక్కి తీసుకో. మెల్లిగా. గడపకు తగలనీయొద్దు."

నేను ఒక్కసారిగా లేచాను. బియ్యం చేట బోర్లా పడింది. "తీయొద్దండీ! ఆ కాలు అట్లే పెట్టుకోండి!" అని అరిచి, కాగితం కోసం లోపలికి పరుగెత్తాను.

"ఇద్దరిలో ఎవురి మాట వినేది నేను?" అని ఆయన ఒంటికాలి మీద ఊగుతూ అడుగుతున్నాడు.

నాకు బొమ్మలు రావు. అయినా గీశాను. గుండ్రం తల, పుల్లల్లాంటి కాళ్ళు, వీపున తుండు, చేతిలో చెప్పులు, ముందొక అడ్డగీత. అదే గడప. మనిషి ఎదుట ఏమీ లేదు, ఆ గీత తప్ప. లారీని ఎత్తేవాడు ఆ గీత దగ్గర ఆగిపోయాడు.

తర్వాత అల్లుణ్ణి అరుగు మీద కూర్చోబెట్టారు. అరుగుకు ఏ దోషమూ లేదని అమ్మ తనే తేల్చేసింది. "ఆకలితో తిప్పి పంపిస్తే శాస్త్రం ఒప్పుకుంటాదేమో, నేను ఒప్పుకోను" అంది. ముందు గది కిటికీ అరుగు మీదికే తెరుచుకుంటుంది. కిటికీ పక్కన గోడ చాటున నిలబడి, చెయ్యి ఒక్కటే బయటికి చాపి, దోసె తర్వాత దోసె ఆయన ప్లేటులో వేసింది. బయటికి కనిపించేది గాజుల చెయ్యి మాత్రమే.

"చాలత్తా."

"ఏమంటాండాడు మే?" అని అమ్మ నన్నడిగింది.

"చాలంటాండాడు మా."

"మొదట మూడింటికి అందరూ అట్లనే అంటారు" అంటూ ఇంకొకటి పడింది. ఆయన తల అడ్డంగా ఆడించాడు. గోడ చాటున ఉన్న మనిషికి తల కనిపించదు కదా. ఇంకొకటి పడింది.

నేను అరుగు మీదికి పోయి నా పుల్లల బొమ్మ ఆయన ముందు పెట్టాను. అలవాటు ప్రకారం మాటలు మూయడానికి అరచెయ్యి చాపాడు. మూయడానికి అందులో ఒక్క మాటా లేదు. చెయ్యి అట్లాగే ఆగింది. ఆయన భుజాలు ముందు మెల్లగా కదిలాయి, తర్వాత దోసె గొంతుకు అడ్డం పడి దగ్గొచ్చేదాకా నవ్వాడు. ఆ నవ్వు నా పెళ్ళికి వచ్చిన కానుకలన్నిటికంటే నాకు నచ్చింది.

"వీడు గడప దాటలేడు" అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. "ఎవురైనా లోపలికి రా అప్పా అనే దాకా."

"ఎవరైనా అంటే దొంగ కూడానా?"

ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. అంతే, మొదలైంది. తనకు పొద్దున తట్టింది ఏమిటో ఆయన చెప్పనే లేదు. ఇప్పటికీ చెప్పలేదు. మరిచిపోయాడట.

ఆదివారానికి ఐదు పేజీలు తయారు. ఉక్కప్ప లారీని బురదలోంచి ఎత్తుతాడు. లారీ ఓనరు సంతోషంగా ఇంటికి తీసుకుపోయి, తను లోపలికి పోయి, రమ్మనడం మరిచిపోతాడు. ఉక్కప్ప పొద్దుగూకే దాకా గుమ్మంలోనే. ఇంట్లో దొంగ పడితే ఉక్కప్ప గడప బయట నిలబడి, "అన్నా, లోపలికి రమ్మంటావా?" అని అడుగుతాడు. "ఇప్పుడు పనుండాది, రేపు రా అప్పా" అంటాడు దొంగ. మంటలు లేచిన ఇంటివాళ్ళు ఉక్కప్పను మర్యాదగా పిలవాలని చాప వెతుకుతుంటారు. నాలుగోదాంట్లో ఉక్కప్పకు పెళ్ళి. ఐదోదాంట్లో ఆషాఢం, అత్తగారిల్లు, కిటికీలోంచి గాజుల చెయ్యి, దోసెల గుట్ట. పొట్ట బరువుకు ఉక్కప్ప పైకి ఎగరలేకపోతాడు.

పుంగనూరు బెంచీ మీద వాటిని ఒక్కొక్కటే చూస్తూ నేను ఒక సంగతి గమనించాను. ఉక్కప్పను చూసి నవ్వొస్తోంది గానీ, వాడంటే చులకన కలగడం లేదు. తలుచుకుంటే గోడనే తొయ్యగలడు. తొయ్యడు. పిలిచేదాకా నిలబడతాడు. బలమున్నవాడు అట్లా తల వంచుకుని నిలబడితే నవ్వూ వస్తుంది, ప్రేమా వస్తుంది.

ఆరోది మాత్రం రాలేదు. కథ ముగియాలి కదా. ఉక్కప్ప ఆ ఇంట్లోకి ఎట్లా పోవాలి? పైకప్పు తీసి దిగితే అది దొంగతనం. గడప పీకేస్తే వాడు ఉక్కప్ప కాడు. అత్తగారు నియమం వదిలేసి రమ్మంటే, ఇంతసేపు నవ్వింది ఎందుకని చదివేవాళ్ళు అడుగుతారు. బుధవారం మళ్ళీ ఇక్కడే కలిసి, ఆరోది గీసి, పుంగనూరు పోస్టాఫీసులోనే రిజిస్టరు చేయాలనుకున్నాం. అది దాటితే ఇరవైకి అందదు. పోతూ పోతూ ఆయన ఐదు పేజీల జిరాక్సు నాకిచ్చాడు. "ఒకటి తక్కువైనా ఆరు కాదు గదా" అన్నాడు. బిస్కెట్టు డబ్బా గుర్తొచ్చింది నాకు.

సోమవారం ముగింపు రాలేదు. మంగళవారం సాయంత్రందాకా రాలేదు. అమ్మకు తెలియకుండా ఆ కాగితాలు బియ్యం డబ్బా మీద పెట్టుకుని చూస్తూనే ఉన్నాను. ఐదో పేజీ అమ్మ చూస్తే ఏమంటుందోనని భయం. నియమం అమ్మది, నవ్వు మాది. ఆమె చెయ్యిని ఆమెనడగకుండా బొమ్మలో పెట్టేశాం.

"ఏందిమే అది, రెండు దినాలుగా దాస్తాండావు?"

అమ్మ వెనకే నిలబడి ఉంది. దాయడానికి టైము లేదు. కాగితాలు తీసుకుని, చేతి పిండి అంటకుండా అంచులు పట్టుకుని, మొదటి నుంచి ఒక్కొక్కటే చూసింది. దొంగ దగ్గర మూతి బిగించింది. ఐదో పేజీ దగ్గర చాలాసేపు ఆగింది.

"నాకు గాజులు ఆరుండాయి" అంది చివరికి. "ఈయప్ప నాలుగే ఏసినాడు."

"కోపం రాలేదా మా?"

"కోపం యాల? దోసె గుండ్రంగానే ఏసినాడులే." మళ్ళీ కాగితం కళ్ళ దగ్గరికి తెచ్చుకుంది. "బొమ్మలో అల్లుడి మొగం సూస్తే దోషముంటాదా?"

"ఇది ఉక్కప్ప మా. అల్లుడు కాదు."

"నాకు తెలీదా ఎవురో!" అని నవ్వింది. పెళ్ళిలో కూడా మా అమ్మ అంత నిండుగా నవ్వడం నేను చూడలేదు. "సరే, కడాకి ఏమైతాది? ఆయప్ప లోపలికి పోతాడా లేదా?"

"అదే తెలియడం లేదు. రేపే ఆఖరు. ఆయన ఏడేళ్ళ నుంచి దీనికోసమే..." అంటూ బిస్కెట్టు డబ్బా సంగతి చెప్పాను. చెప్పకూడదనుకున్నాను గానీ, నోరు ఆగలేదు.

అమ్మ పొయ్యి ముందు పీట మీద కూర్చుంది. పిండి కలపడం మొదలుపెట్టింది.

"అల్లుడు లోపలికి ఎట్లొచ్చేదని ఇద్దరూ తల బద్దలు కొట్టుకుంటాండారే, ఆయమ్మ బయటికొస్తే కాదా?"

"ఎవరు మా, ఉక్కప్ప అత్తనా?" అన్నాను.

"గడప దాటకూడదని ఉండేది ఆయప్పకు. అత్త తన గడప తాను దాటకూడదని ఎవురన్నా సెప్పినారా? ఆయమ్మ పొయ్యి, పెనం, పిండి అన్నీ ఎత్తుకుని అరుగు మింద కూర్చుంటే సరి. ఇల్లే ఆయప్ప దగ్గరికొచ్చేస్తాది."

నాకు ఆ పేజీ మొత్తం ఒక్కసారిగా కనిపించింది. వీధిలో పొయ్యి, వీధిలో పీట, గొడుగు అడ్డం పెట్టుకుని దోసె పోస్తున్న అత్తగారు, ఎదురుగా చెప్పులు పక్కన పెట్టి మొదటిసారి హాయిగా కూర్చున్న ఉక్కప్ప. మాటలు అక్కర్లేదు. మూయడానికి అరచెయ్యి అక్కర్లేదు. ఉన్నపళంగా పోయి అమ్మను కౌగిలించుకుంటే నా జాకెట్టంతా పిండి అయింది. ఇదివరకే నా చీర మీద ఒక మరక ఉంది, ఇది రెండోది.

"ఎస్‌టీడీ బూత్ ఇంకా తెరిచే ఉంటాది మా, ఆయనకు చెప్పేసి వస్తా!"

"ఉండు మే. ఫోన్లో బొమ్మ ఎట్ల తెలుస్తాది ఆయప్పకు? రేపు ఎట్లైనా వస్తాడు గదా. పుంగనూరు బస్టాండుకు గడప యాడుండాది?" అమ్మ పిండి మీద మూత పెట్టి, మూలనున్న నాన్న పెద్ద గొడుగు తీసి ఒకసారి తెరిచి చూసింది. "రేపు ఆరున్నర బస్సుకు నేనూ వస్తా. దోసెలు పొద్దున్నే పోసి కట్టుకుందాం. నేను ఈ గొడుగు చాటున కూర్చుని చెయ్యి మాత్రం బయట పెడతా. నా గాజులు ఆరూ సూసి, సరిగ్గా గియ్యమను."